అప్‌డేట్: కస్టమ్ ఈఎస్‌లింట్ రూల్ టెస్టులో "ఎర్రర్లు 0" సమస్య తీరింది

ఈఎస్‌లింట్‌కి (జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే టూల్), ఎక్స్‌పెక్ట్ (ఫలితం సరైనదో కాదో చూసే లైన్) లేని టెస్టు కనిపిస్తే తప్పు పట్టే రూల్ రాశాను, రూల్‌టెస్టర్‌లో (రూల్స్‌ని పరీక్షించే ఈఎస్‌లింట్ సాధనం) మాత్రం 1 ఎర్రర్ రావాల్సిన చోట 0 వస్తోందని అడిగాను కదా, అది తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

"ఫైల్ పేరు ప్రింట్ చేసి చూడండి" అన్న సలహాతోనే దొరికింది. నా రూల్ మొదటి లైన్‌లోనే ఫైల్ పేరు ".టెస్ట్.జేఎస్"తో ముగియకపోతే ఏమీ చూడకుండా వెనక్కి వెళ్లిపోతుంది. టెస్ట్ కేసులో ఫైల్‌నేమ్ ఇవ్వకపోతే రూల్‌టెస్టర్ "<ఇన్‌పుట్>" అనే పేరు పెడుతుంది. అంటే రూల్ అసలు నడవనే లేదు! ప్రతి కేసుకీ ఫైల్‌నేమ్ చేర్చగానే ఎర్రర్ వచ్చింది.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి. వ్యాలిడ్ కేసులన్నీ (రూల్ తప్పు పట్టకూడని కోడ్) పచ్చగా ఉన్నాయని మురిసిపోయాను, అవీ రూల్ నడవకే పాసయ్యాయి. ఇప్పుడు వాటిలో ఒకటి నిజంగానే ఫెయిలైంది: ఎక్స్‌పెక్ట్ ఫర్‌ఈచ్ (లిస్టులో ఒక్కోదానికీ ఒక ఫంక్షన్ నడిపేది) లోపలి ఫంక్షన్‌లో ఉంటే నా రూల్‌కి కనపడట్లేదు. అదీ సరిచేశాను.

పార్సర్ (కోడ్‌ని చదివి విడగొట్టే భాగం) మార్చడం, నోడ్ మాడ్యూల్స్ (ప్రాజెక్ట్ వాడే ప్యాకేజీల ఫోల్డర్) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, వీటికీ దీనికీ సంబంధమే లేదు. ఒక సాయంత్రం వాటికే పోయింది.