విద్యార్థిగా ఆన్‌లైన్‌లో మంచి గుర్తింపు ఎలా తెచ్చుకోవాలి?

నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఉద్యోగానికి పిలిచే ముందు చాలామంది అభ్యర్థి పేరును గూగుల్‌లో వెతికి చూస్తారు కాబట్టి, అక్కడ నా గురించి కనిపించేది నేను నిజంగా చేసిన పనే కావాలని కోరుకుంటున్నాను. లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వచ్చే శీర్షికకు 220 అక్షరాల వరకే చోటు ఉంటుంది. అందులో ‘విద్యార్థి’ అని మాత్రమే రాస్తే ఏమీ తెలియదు, ‘డేటా నిపుణుడు’ అని రాస్తే అబద్ధమవుతుంది. ప్రస్తుతానికి ‘బస్సుల రాకపోకల సమాచారాన్ని విశ్లేషించే ప్రోగ్రాములు రాస్తున్న విద్యార్థి’ అని పెట్టాను. ఇది సరిపోతుందా?

ప్రోగ్రాముల కోడ్‌ను దాచుకుని ఇతరులతో పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ విషయంలో నా సందేహం ఇంకా పెద్దది. అక్కడ చేర్చిన ప్రతి మార్పూ తేదీతో సహా నమోదవుతుంది కనుక, సగంలో ఉన్న ప్రాజెక్టును కూడా అందరికీ కనిపించేలా ఉంచి, ఏది పనిచేస్తోందో, ఏది ఇంకా మిగిలి ఉందో రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) స్పష్టంగా రాస్తే చూసేవారికి నమ్మకం కలుగుతుందా, లేక పూర్తయిన రెండు మూడింటిని మాత్రమే ఉంచి మిగిలినవాటిని ప్రైవేటుగా మార్చడం మేలా? నాకైతే మొదటి పద్ధతే నిజాయితీగా అనిపిస్తోంది. బృందంగా చేసిన పనిలో నా వంతు ఎంతో తప్పక రాస్తాను. తోటివారి పేర్లు మాత్రం వారి అనుమతితోనే చేరుస్తాను.

నియామకాలు చేసిన అనుభవం ఉన్నవారు, విద్యార్థి ప్రొఫైల్‌లో మీరు మొదట తెరిచి చూసేది ఏమిటో, దేన్ని చూసి వెనక్కి తగ్గుతారో దయచేసి చెప్పగలరా?