గోంగూర మాంసం పక్కన ఏ షెర్రీ నిలుస్తుంది?

లండన్‌లో మా ఇంటికి విందుకు వచ్చేవారికి భోజనంతో పాటు స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతపు షెర్రీ (ఆల్కహాలు చేర్చి బలపరిచిన వైన్) ఇవ్వాలని నా ఉద్దేశం. రొయ్యల వేపుడుకూ, వేయించిన చేపలకూ సుమారు 8 డిగ్రీల చల్లదనంలో ఇచ్చిన ఫినో (తీపి లేని, లేత రంగు షెర్రీ) చక్కగా కుదిరింది. చిక్కంతా గోంగూర మాంసంతోనే. 15 శాతం ఆల్కహాలు ఉన్న అదే ఫినో ఆ పులుపు ముందు చప్పబడిపోగా, 18 శాతం ఉన్న డ్రై ఒలొరోసో (తీపి లేని, ముదురు రంగు షెర్రీ) మాంసం రుచికి సరితూగినా, మిరపకారపు మంటను గొంతు దాకా పెంచింది. స్పెయిన్‌దే అయిన రియోహా రెడ్ వైన్‌లోని వగరు కారంతో కలిసి చేదెక్కింది. కారానికి కాస్త తీపి, తక్కువ ఆల్కహాలు మేలంటారు గనుక 9 శాతం ఉన్న జర్మన్ రీస్లింగ్ కాబినెట్ అనే వైట్ వైన్ కూడా ఇచ్చి చూశాను. మంట తగ్గిన మాట నిజమే గాని, గోంగూర పక్కన అది పానకంలా తోచింది. కూరలో కారం తగ్గించమనే సలహా మాత్రం మా ఇంట చెల్లదు. సీసా ధర 20 పౌండ్లు దాటకూడదు.

కొద్దిపాటి తీపి ఉన్న మీడియం షెర్రీని చల్లబరిచి ఇవ్వడమా, లేక షెర్రీని వదిలి మరో వైన్‌కు మారడమా, గోంగూర మాంసంతో స్వయంగా తాగి చూసినవారు ఏది సూచిస్తారు?