జోయాలు తినేస్తున్నది బ్రిసిల్ వార్మేనా?

వంశధార_ఒడ్డు, శ్రీకాకుళం:
రెండడుగుల సముద్రపు ట్యాంకు, పెట్టి ఎనిమిది నెలలైంది. ఉన్నవి జోయాలే, బొత్తాల్లా గుంపుగా పెరుగుతాయే, పగడాల్లాంటి ఆ మెత్తని జాతి. ఒక గుంపు పది రోజులుగా విచ్చుకోవడం లేదు. నలభై తలలకి పాతికే మిగిలాయి. ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు. నిన్న రాత్రి టార్చి వేస్తే ఆ రాయి కిందనుంచి వేలెడు బ్రిసిల్ వార్ము, అదే ఒళ్లంతా సన్నటి ముళ్లుండే పురుగు, బయటికొచ్చింది. తింటున్నది ఇదేనా?

మూడులాంతర్లు, విజయనగరం:
ఇంకెవరు? పట్టకారుతో లాగి పారెయ్. రెండేళ్ల కిందట నా చేతికి ముళ్లు దించింది, మూడు రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. అంత విషమున్నది ఊరకే కూర్చుంటుందా?

బారువ_కెరటం:
నీళ్లు కళింగపట్నం నుంచి తెస్తున్నావా? వానల్లో వంశధార నీరు కలిసి అక్కడ ఉప్పు పడిపోతుంది.

వంశధార_ఒడ్డు:
లేదన్నా. ఆర్వో నీళ్లలో ఉప్పు కలుపుకున్నవే.

రీఫ్_బావు, శ్రీకాకుళం:
మూడులాంతర్లు గారూ, మీకు గుచ్చుకోవడానికీ జోయాలు పోవడానికీ లంకె ఏటండీ? ముళ్లు అది తనను కాపాడుకోవడానికి. మన ట్యాంకుల్లో కనబడే మామూలు బ్రిసిల్ వార్ములు చచ్చినదీ, మిగిలిన మేతా తింటాయి. చావింటికి వచ్చినవాళ్లందరూ హంతకులు కారు.

తమ్ముడూ, లైట్లు ఆరిన గంట తర్వాత మళ్లీ చూడు. జోయాలు మేసే న్యూడిబ్రాంకు, అంటే గుల్ల లేని సముద్రపు నత్త, అర అంగుళం కూడా ఉండదు. వీపంతా పోగులు, అచ్చం జోయా అంచుల్లాగే. ఏ రంగు జోయాని తింటే ఆ రంగే వస్తుంది కాబట్టి కళ్లెదురుగా ఉన్నా కనబడదు. కాడల మొదట్లో, రాయి అడుగున తెల్లటి చుట్టలున్నాయేమో చూడు, గుడ్లు అవే. సన్‌డయల్ నత్త ఉందేమో కూడా వెతుకు. బల్లపరుపుగా, గుండ్రంగా, చుక్కల వరసలతో అందంగా ఉంటుంది, మనమే ముచ్చటపడి వదిలేస్తాం. ఆస్టెరినా అనే చిన్న నక్షత్ర చేపల మీద అప్పుడే పడకు, వాటిలో చాలామటుకు నాచు నాకేవే.

మూడులాంతర్లు:
చదివినవి చెప్పకండి. వార్ము జోయా మీద కూర్చున్న ఫొటో నా దగ్గరుంది.

రీఫ్_బావు:
ఆ జోయా అప్పటికే కరిగిపోయి ఉంటుంది.

మూడులాంతర్లు:
మీరు చూశారా?

ఉప్పుటేరు:
రాయి తీసి ఉడకబెట్టెయ్ అన్నా, అన్నీ పోతాయి.

రీఫ్_బావు:
ఆ పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు! జోయాల్లో, ముఖ్యంగా పాలీథోవాలనే రకంలో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. అలాంటి రాళ్లు ఉడకబెట్టి ఆవిరి పీల్చినవాళ్లు, ఇంట్లోవాళ్లతో సహా ఆసుపత్రిపాలయ్యారు. ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. వంటింటి గిన్నెలు వాడకండి.

వంశధార_ఒడ్డు:
పదకొండింటికి చూశాను. ఆకుపచ్చ పోగులది ఒకటి దొరికింది. కప్పులో వేస్తే కదిలింది కాబట్టి తెలిసింది గానీ, లేకపోతే జోయా తల అనే అనుకుందును. రాయి అడుగున చుట్టలు మూడు.

మూడులాంతర్లు:
సరే, అదీ ఉంది. వార్మూ తింటుంది.

రీఫ్_బావు:
డిప్‌లో, అదే పురుగులు పోవడానికి వాడే మందునీళ్లలో, ముంచు, సీసా మీద రాసినంతసేపే. గుడ్లకి డిప్ పనిచెయ్యదు, చుట్టలను పాత టూత్‌బ్రష్‌తో గీకెయ్యాల్సిందే. వారానికోసారి మూడు నాలుగు సార్లు చెయ్, మిగిలిన గుడ్లు పొదిగినా పిల్లలు దొరికిపోతాయి. అయినా తెచ్చిన రోజే ముంచి, వేరే డబ్బాలో నెల ఉంచితే ఇంత వచ్చేది కాదు. ఎక్కడిదిది?

వంశధార_ఒడ్డు:
చెప్పకూడదనుకున్నాను. సిరిమాను పండక్కి విజయనగరం వెళ్లినప్పుడు గంటస్తంభం దగ్గర మూడులాంతర్లు అన్నే ఇచ్చారు.

మూడులాంతర్లు:
అదా సంగతి! మూడు రోజుల్నుంచి నన్ను మాట్లాడించి ఇప్పుడు పేరు చెబుతున్నావా? పైసా తీసుకోలేదు. బండి మీద సంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చాను. ఊరికే పుచ్చుకుని, ఇప్పుడు దొంగని చేస్తావా?

వంశధార_ఒడ్డు:
దొంగ అనలేదన్నా. మీ దగ్గర కూడా ముడుచుకుంటున్నాయని ఆ రోజే అన్నారా, లేదా? "వాతావరణం" అన్నారు. ఆ ముక్క సరిగ్గా చెప్పి ఉంటే ముంచేవాణ్ని.

రీఫ్_బావు:
ఊరికే ఇచ్చినా కొన్నా, ముంచుకోవడం పుచ్చుకున్నవాడి పని.

బారువ_కెరటం:
తెలిసీ చెప్పకపోవడం ఇచ్చినవాడి తప్పు కాదా బావూ?

మూడులాంతర్లు:
తెలిస్తే కదా! రెండేళ్ల కిందట మొత్తం పోయినప్పుడు ఇక్కడే అడిగాను. నీళ్లు మార్చడం లేదన్నారు, మేత ఎక్కువన్నారు, ఇంకెవరో నవ్వారు. టార్చి వెయ్యమని ఒక్కడు చెప్పాడా? వార్ము కనబడింది, వార్మే అనుకున్నాను. ఇకమీదట ఎవరికీ ఏదీ ఇవ్వను.

ఉప్పుటేరు:
నాకిస్తానన్న నారింజవి?

మూడులాంతర్లు, మర్నాడు:
రాత్రి చూశాను. నాలుగు. నారింజ రంగువే. శ్రీకాకుళం తమ్ముడూ, నీ గుంపు పూర్తిగా పోతే మళ్లీ ఇస్తాను, ఈసారి ముంచే ఇస్తాను. బావూ, ఆ డిప్ పేరేమిటి?

వార్మును కూడా తీసి పారేశాను.