ఇంగ్లాండు పల్లె పారిష్: భూమిశిస్తు పద్దుకీ కౌలు పద్దుకీ పొంతన లేదు

పాతపద్దు:
ఒక పారిష్‌కి (చర్చి పరిధిలోని ఊరు) 1780 నుంచి 1832 దాకా ల్యాండ్ టాక్స్, అంటే భూమిశిస్తు జాబితాలు వరసగా ఉన్నాయి. ఒక కౌలుదారు పేరు ఎదురుగా ఏటా 3 పౌన్ల 12 షిల్లింగులే. పౌనుకి (20 షిల్లింగులకి) 4 షిల్లింగుల రేటు కదా, అయిదింతలు చేస్తే కౌలు 18 పౌన్లు రావాలి. ఎస్టేటు వసూళ్ల పుస్తకంలో మాత్రం 45 ఉంది. పైగా 1799 నుంచి ఆ పద్దు పక్కన ‘ఎగ్జానరేటెడ్’ అని రాశారు. భూమి అమ్మేశారా? విస్తీర్ణం ఎక్కడ దొరుకుతుంది?

కవిలెకట్ట:
అయిదింతల లెక్క ఇక్కడ పనికిరాదండీ. 4 షిల్లింగులు చట్టంలో ఉన్న రేటు, ఊళ్లో వసూలైంది కోటా. 1690ల చివర్లో ఏ కౌంటీ ఎంత కట్టాలో ఖాయం చేశారు, కింద పంపకం కూడా చాలాచోట్ల అలాగే గడ్డకట్టుకుపోయింది. తర్వాత కౌళ్లు ఎంత పెరిగినా శిస్తు కదల్లేదు. మీ 18 పౌన్లు పాతకాలపు మదింపు, అంతే.

కదలకపోవడమే మనకు లాభం. పేరును కాదు, అంకెను పట్టుకుని ఏడాది వెంట ఏడాది నడవండి. పేర్లు నమ్మకూడదు: గుమాస్తా నిరుటి జాబితాకే నకలు తీస్తాడు, పోయినవాళ్ల పేర్లూ కొన్నేళ్లు నడుస్తాయి. కమతం చీలితే 3-12-0 (పౌన్లు-షిల్లింగులు-పెన్నీలు) పోయి 2-8-0, 1-4-0 వస్తాయి. కూడితే సరిపోవాలి. ఒకే మొత్తం రెండు కమతాలకుంటే జాబితాలో వరస చూడండి, అది త్వరగా మారదు.

శిస్తులెక్క:
అమ్మలేదు. ‘ఎగ్జానరేటెడ్’ అంటే శిస్తు నుంచి విడుదలైందని. 1798లో ప్రధాని పిట్ ప్రభుత్వం ఈ శిస్తును శాశ్వతం చేసి, ఒకేసారి కట్టి వదిలించుకునే వీలు కల్పించింది. శిస్తుకంటే పదో వంతు ఎక్కువ వడ్డీ వచ్చేంత 3 శాతం ప్రభుత్వ స్టాకు (రుణపత్రాలు) అప్పగించాలి. మీ పద్దుకి ముఖవిలువ 132 పౌన్లు. ఓటుహక్కు రుజువుకి అవసరం గనుక అలాంటి పేర్లను కూడా 1832 దాకా చాలాచోట్ల రాస్తూ వచ్చారు. 1798 నాటి జాబితా ప్రతి లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 23 అనే దస్త్రాల వరసలో ఉంటుంది. ఆ ఏడాది తర్వాత చిన్న గుడిసెలవాళ్లు మాయమైతే ఊరొదిలారనుకోకండి, ఏటా 20 షిల్లింగుల లోపు విలువ ఉన్న భూములకు మినహాయింపు వచ్చింది.

మార్జిన్‌గీత:
విస్తీర్ణానికి 1836 చట్టం కింద తయారైన టైద్ (చర్చికి ఇచ్చే పంటలో పదో వంతు) పటం, దాని జాబితా చూడండి. ప్రతి చెక్కకీ నంబరు, యజమాని, సాగుదారు, ఎకరాలు, రూడ్లు, పెర్చీలు ఉంటాయి (40 పెర్చీలు ఒక రూడ్, 4 రూడ్లు ఎకరం). పొలాలకు కంచెలు వేసినప్పుడే టైద్ కూడా తేల్చేసిన ఊళ్లకు ఇది ఉండకపోవచ్చు, అప్పుడు ఆ ఎన్‌క్లోజర్ అవార్డే (కంచెలు వేసి భూమి పంచిన పత్రమే) దిక్కు.

45 పౌన్లు ఏడాదికా, అర్ధ సంవత్సరానికా? మార్చి 25, సెప్టెంబరు 29 రెండు కిస్తీలు. పాత బకాయి కలిపారేమో కూడా చూడండి. మామూలుగా శిస్తు కౌలుదారు కట్టి కౌల్లో మినహాయించుకునేవాడు. కాబట్టి 1798కి ముందు వసూళ్ల పుస్తకంలో మినహాయింపుల గడి తీయండి. అక్కడ 3-12-0 కనిపిస్తే రెండు పద్దులూ ఒకే కమతానివి. శిస్తు వదిలించుకున్నది యజమానే అయితే, 1799 తర్వాత ఆ గడిలో అది ఉండదు.