హెచ్‌ఎంటీ ఆగింది, టైటాన్ నడిచింది: మారే గుణం ఒక్కటే కారణమా?

వాచీల పిచ్చి: ఒకప్పుడు పెళ్లిలో అల్లుడికి పెట్టే వాచీ అంటే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీయే. సిటిజన్ అనే జపాన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ వాచీల వ్యాపారాన్ని మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 1984లో పుట్టిన టైటాన్ మాత్రం నేటికీ ముందుంది. కాలంతో పాటు మారని సంస్థ ఎంత మంచి సరుకు చేసినా పోటీలో నిలవదనడానికి ఇంకేం రుజువు కావాలి?

షాపుఫ్లోరు: ఆ రుజువు చాలదు. టైటాన్ కంటే ముందే హెచ్‌ఎంటీ క్వార్ట్జ్ (స్ఫటికం, బ్యాటరీలతో నడిచే) వాచీలు చేసిందన్న సంగతి మీరు వదిలేశారు. కొత్త విద్య చేతిలో ఉన్నా, ఆ సంస్థ సామర్థ్యమంతా కీ ఇచ్చే వాచీల చుట్టూ అల్లుకుని ఉంది: 17 జ్యువెల్స్ (అరుగుదలను తగ్గించే చిన్న రాళ్లు) ఉన్న 'జనతా' అనే వాచీలోకి వెళ్లే సన్నని భాగాలను కోసి, నునుపు చేసి, కూర్చే యంత్రాలు, ఆ పనిలో ఏళ్ల తరబడి చేయి తిరిగిన కార్మికులు. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికంతో, బ్యాటరీతో నడిచే వాచీకి ఆ నైపుణ్యంలో చాలా భాగం అక్కరలేదు. బాగా చేయగలిగిన పనే ఆ సంస్థ కాళ్లకు అడ్డం పడింది. నేను పనిచేసిన విడిభాగాల కర్మాగారంలో కూడా (పేరు ఎందుకులెండి) కొత్త యంత్రం వచ్చాక ఆరు నెలల పాటు ఉత్పత్తి పడిపోతే, మమ్మల్ని అసమర్థులనే అన్నారు.

లెక్కల మనిషి: ఆ పడిపోవడమే అసలు విషయం. టైటాన్ నగల వ్యాపారంలోకి దిగి తనిష్క్‌ను మొదలుపెట్టినప్పుడు, 22 క్యారెట్లకు అలవాటు పడిన మనవాళ్ల ముందు 18 క్యారెట్ల నగలు పెట్టి దెబ్బతింది. తొలి ఏళ్లలో నష్టాలు చూసింది. తరువాత 22 క్యారెట్లకు మారింది, ఇప్పుడు ఆ సంస్థ ఆదాయంలో అత్యధిక భాగం నగలదే. తొలి ఏళ్ల లెక్కలు మాత్రమే చూసినవాడెవడైనా ఆ దుకాణాలను మూయించి ఉండేవాడు.

వాచీల పిచ్చి: ఒప్పుకుంటాను, అయితే సగమే. హెచ్‌ఎంటీ వాచీల నష్టాలను కూడా ప్రభుత్వం ఏళ్ల తరబడి భరించింది కదా? ఆ డబ్బు కొత్తది నేర్చుకోవడానికి కాక, ఉన్నదాన్ని నిలబెట్టడానికే ఎక్కువగా పోయిందని నా అభిప్రాయం. షాపుఫ్లోరు గారూ, ఆరు నెలల తరువాత మీ ఉత్పత్తి పాత స్థాయిని దాటిందా?

షాపుఫ్లోరు: దాటింది, కానీ ఏడాదిన్నర పట్టింది. యంత్రం తెప్పించిన మేనేజరు గారు అప్పటికే బదిలీ అయిపోయారు.