హన్మకొండలో రెగె సాయంత్రం పెడుతున్నాం, ఏం వినిపించాలి?

శ్రావణి, హన్మకొండ:

జూలై 1 అంతర్జాతీయ రెగె దినం. రెగె అంటే జమైకాలో పుట్టిన సంగీతం. ఆ సాయంత్రం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో గంటన్నర కార్యక్రమం పెడదామని నేనూ మా ఫ్రెండ్సూ అనుకుంటున్నాం. నేను డ్రమ్స్ వాయిస్తాను. చర్చిలో, అప్పుడప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో. జమైకా గాయకుడు బాబ్ మార్లీ పాటలు వరుసగా పెట్టేసి, ఆయన బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుంటే చాలని మావాళ్లు అంటున్నారు. నాకెందుకో అది సరిపోదనిపిస్తోంది. ఇంట్లో చెప్తే మా నాన్న "ఆ గంజాయి పాటలా?" అని ఒక్క మాటలో తేల్చేశాడు.

వచ్చినవాళ్లకు ఏం వినిపించాలి, ఏం చెప్పాలి? తెలిసిన డప్పు కళాకారులు ఇద్దరున్నారు, వాళ్లను కలపొచ్చా? ఇంకోటి, నేను రెగె వాయిస్తే సినిమా పాటలాగే వస్తోంది. ఎక్కడ తేడా కొడుతోంది?

బాక్సుల రాజన్న, కాజీపేట:

చెల్లె, నేను బరాత్‌లకు, గణేశ్ నిమజ్జనాలకు డీజే బాక్సులు నడుపుతా. బండి దించి ఇంటికొచ్చాక నేను వినేది మాత్రం రెగె. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు నీ డ్రమ్స్ సంగతి. నాలుగు దెబ్బల లెక్కలో నువ్వు ఒకటో దెబ్బ మీద కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, కొడుతున్నావు, పందెం. మనకు అలవాటైంది అదే. రెగెలో 'వన్ డ్రాప్' అనే నడక ఉంది. అందులో ఒకటో దెబ్బ ఖాళీ. కిక్కు, స్నేర్ రెండూ కలిసి మూడో దెబ్బ మీద పడతాయి. గిటారు రెండు, నాలుగు మీద 'చక్' మని కోసి వదిలేస్తుంది. మిగిలిన జాగా అంతా బేస్ గిటారుది. మార్లీ బ్యాండు వెయిలర్స్‌లో డ్రమ్స్ కార్ల్‌టన్ బారెట్, బేస్ ఆయన అన్న ఆస్టన్. వాళ్లిద్దరినీ వినేటప్పుడు కర్రలు పక్కన పెట్టి ఊరికే కూర్చో. ఒకటి దగ్గర నీ కాలు దానంతటదే ఆగిపోతే వచ్చేసినట్టే.

ఇక ఏం చెప్పాలి అంటావా, మార్లీ కన్నా ముందు బాక్సుల గురించి చెప్పు. నా వృత్తి అని కాదు, రెగె పుట్టిందే అక్కడ. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేద వాడల్లో రికార్డు ప్లేయరు కొనే స్తోమత ఎవరికుంది? పెద్ద పెద్ద స్పీకర్లు వీధిలో పేర్చి, అమెరికా రికార్డులు వేసి, జనాన్ని ఆడించేవాళ్లు. దాన్నే సౌండ్ సిస్టమ్ అన్నారు. డ్యూక్ రీడ్ అని ఒకాయన, పోలీసు ఉద్యోగం చేసి వచ్చినవాడు, వాళ్లది మద్యం దుకాణం. ఆయనకు పోటీ కాక్సన్ డాడ్. ఏ పాట వేస్తున్నారో పక్కోడికి తెలియకుండా రికార్డు మీద లేబుల్ గీకేసేవాళ్లు! మన దగ్గర డీజేలు పాట పేరు అడిగితే చెప్పకుండా నవ్వుతారు చూడు, సరిగ్గా అదే బుద్ధి.

తర్వాత వాళ్లే సొంతంగా పాటలు రికార్డు చేయించడం మొదలుపెట్టారు. అది స్కా, బాగా స్పీడు. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఊగింది దానికే. 1966 ప్రాంతంలో వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది, 1968కల్లా రెగె. ఆ ఏడాది టూట్స్ అండ్ ద మేటల్స్ పాడిన పాటతోనే ఆ పేరు జనంలోకి వచ్చింది.

నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి కింగ్ టబ్బీ. గాయకుడు కాదు, రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడు. పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్స్, బేస్ ఉంచి, మధ్యమధ్యలో ఎకో వదిలేవాడు. మిక్సర్‌నే వాయిద్యం చేశాడన్నమాట. దాన్ని డబ్ అంటారు. గొంతు తీసేసిన పాటల మీద యూ-రాయ్ లాంటివాళ్లు మైకు పట్టుకుని మాటలు దంచేవాళ్లు. కింగ్‌స్టన్‌లో పుట్టిన కూల్ హెర్క్ చిన్నప్పుడే న్యూయార్క్ వెళ్లి, 1973లో బ్రాంక్స్‌లో పెట్టిన పార్టీతోనే హిప్ హాప్ మొదలైందంటారు. ఇవాళ మన పిల్లలు తెలుగులో ర్యాప్ పాడుతున్నారంటే అందులో జమైకా బాక్సుల వాటా ఉంది. ఇదొక్కటి చెప్పినా కుర్రాళ్లు కుర్చీలో కూర్చుంటారు.

నాన్నకు అబద్ధం చెప్పకు. రస్తఫారీ అనేది జమైకాలో పుట్టిన మతం, ఆ మతం వాళ్లనే రస్తాలంటారు. వాళ్లకు గంజాయి ప్రార్థనలో భాగం, నిజమే. అయితే గాయకులందరూ రస్తాలు కారు. పైగా 1845 నుంచి మన దేశం కూలీలు ఓడలెక్కి జమైకా తోటల్లో పనికి పోయారు. గంజాయి అక్కడికి వాళ్లతోనే పోయిందని చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ఈ ముక్క నాన్న ముందు పెట్టు.

ఓరుగల్లు పాతకాపు:

ఒగ్గు కథకు జనం రారు, చిందు భాగోతం చూసే దిక్కులేదు. జమైకా పాటలకు మాత్రం హాలు బుక్ చేస్తారు. ఏందమ్మా ఇది?

బాక్సుల రాజన్న, కాజీపేట:

పాతకాపు అన్నా, మీరు ఒగ్గు కథ పెట్టించండి, బాక్సులు నేనే తెస్తా, కిరాయి వద్దు. కానీ ఒకటి వినండి. 2018 నవంబరులో యునెస్కో జమైకా రెగెను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మన రామప్పకు 2021లో వచ్చింది వేరే జాబితా, అది కట్టడాలది. రెగె చేరిన జాబితా పాటలకు, ఆటలకు, చేతి విద్యలకు. మన ఒగ్గుకు అడగాల్సింది ఆ జాబితానే. వాళ్లు ఎట్లా నిలబెట్టుకున్నారో తెలుసుకుంటే మనకే పనికొస్తుంది. అక్కడ ఫిబ్రవరి మొత్తం రెగె నెలగా జరుపుతారు.

డప్పు మాస్టర్, జనగామ:

శ్రావణమ్మా, డప్పు కలుస్తుంది, కానీ తీన్మార్ కొట్టనీయకు. రెగె మీద తీన్మార్ పడితే రెండూ పాడైతాయి. రస్తాల న్యాబింగి మేళంలో మూడు డ్రమ్ములుంటాయి. పెద్దది బేస్, గుండె కొట్టుకున్నట్టు రెండు దెబ్బలు వేసి ఆగేది ఫండె, పైన చెలరేగేది రిపీటర్. కౌంట్ ఓసీ అనే రస్తా డ్రమ్మర్ మేళం 1960 ప్రాంతంలోనే రికార్డులకెక్కింది. అప్పట్లో అక్కడి పెద్దమనుషులకు ఆ డ్రమ్ములంటే చిన్నచూపు. డప్పు పట్టినోళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక డప్పుకు ఫండె దెబ్బ ఇవ్వు, రెండోదానికి రిపీటర్. నువ్వు కిక్ మీద బేస్ చూసుకో. సిటికెన పుల్ల, అదే సన్న పుల్ల, ఎక్కువ మోగనీయొద్దు, లావు పుల్ల సిర్రతోనే నడపమను. డప్పు మరీ బిగిసేదాకా మంటకు కాపొద్దు, గొంతు కొంచెం లోతుగా ఉంటేనే దీనికి బాగుంటుంది.

శ్రావణి, హన్మకొండ:

అన్నా, మాస్టరుగారూ, చాలా థ్యాంక్స్. జమైకా బయట ఎవరిని పెట్టాలి? ఆడవాళ్లు ఒక్కరూ లేరా? బాక్సులు ఎన్ని కావాలి?

బాక్సుల రాజన్న, కాజీపేట:

ఎందుకు లేరు! మార్సియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్, రీటా మార్లీ ముగ్గురూ మార్లీ వెనక పాడిన ఐ-త్రీస్. మార్సియా సొంత పాటతోనే మొదలుపెట్టు. మైకు పట్టి మాటలు దంచడంలో సిస్టర్ నాన్సీ ఉంది. ఆఫ్రికా నుంచి ఐవరీ కోస్ట్ ఆల్ఫా బ్లాండీ, దక్షిణాఫ్రికా లక్కీ డ్యూబే. ఇంగ్లండు నుంచి స్టీల్ పల్స్, జమైకా యాసలోనే కవిత చదివే లింటన్ క్వెసీ జాన్సన్. బర్మింగ్‌హామ్‌లో పెరిగిన అపాచీ ఇండియన్ పంజాబీ కలిపి పాడాడు, నాన్నకు అది నచ్చొచ్చు. మార్లీవి రెండు చాలు.

కమ్యూనిటీ హాలుకు బేస్ బాక్సులు రెండు, పైన పెట్టే చిన్న బాక్సులు, అదే టాప్స్, రెండు సరిపోతాయి. బరాత్ సెట్టింగు పెట్టను, అందులో కీచు ఎక్కువ. మిడ్, అంటే మధ్య స్థాయి శబ్దం, కోసేస్తే గిటారు 'చక్' పోతుంది, అది అట్లే ఉంచుతా. మధ్యాహ్నమే వస్తా, డప్పులతో కలిపి ఒకసారి చూసుకుందాం. రాత్రి 10 తర్వాత మైకు నడపొద్దు, కాబట్టి 7కల్లా మొదలుపెట్టండి. త్రీ ఫేజ్ కరెంటు ఉందో లేదో హాలు వాచ్‌మన్‌ను అడిగి చెప్పు.