ఈ వారం సమస్య: ఒక్క పెట్టెలోన నూరు నిలిచె

నిర్వాహకురాలు:
సభ్యులందరికీ నమస్కారం. గత ఆదివారం మా ఇంట్లో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును రౌటరు వెనుక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు తగిలించి, ఇంట్లోని ఫోన్లు, టీవీ, రెండు లాప్‌టాప్‌లు అన్నీ దానిని చూడగలిగేలా అమర్చాము. మా అత్తగారు తన ఫోనులో మా ఊరి రథోత్సవం వీడియో తెరిచి, “ఊరంతా ఈ పెట్టెలోనే ఉందే” అన్నారు. ఆ మాట నన్ను రెండు రోజులు వదలలేదు. కొంచెం సవరించి, మీరు పద్యం పూర్తి చేయడానికి చివరి పాదంగా ఇస్తున్నాను.

*ఒక్క పెట్టెలోన నూరు నిలిచె*

ఈసారి ఒక్కటే కోరిక. పద్యంలో చెప్పిన సాంకేతిక విషయం నిజమై ఉండాలి, దాని వెనుక మీ ఇంటి అనుభవం కూడా రాయాలి.

నల్లరేగడి:
నా పూరణ.

అమ్మ పాట, నాన్న యక్షరములు, తేరు,
పంట చేను, చెరువు, బడియు, గుడియు,
రౌటరునకుఁ దగిలి రాత్రింబవలు నుండ
నొక్క పెట్టెలోన నూరు నిలిచె!

మా నాన్నగారి ఉత్తరాలను స్కాన్ చేసినవి, అమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు, ఊరి ఫోటోలు ఇన్నాళ్ళూ నలుగురి ఫోన్లలో చెదిరిపోయి ఉండేవి. వాటిని ఒక్క చోటికి చేర్చాలని మొదట ఒక చిన్న పోర్టబుల్ డిస్కును రౌటరుకు తగిలిస్తే, అది టిక్కు టిక్కుమని చప్పుడు చేసి మాటిమాటికీ మాయమయ్యేది. డిస్కు పాడైందని రెండు రోజులు దిగులు పడ్డాను. లోపం డిస్కుది కాదు, కరెంటుది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసినది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు ఇవ్వవలసినది 900. మా పాత రౌటరు మొదటి రకానిది కావడం వలన, డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి కావలసినంత కరెంటు అందలేదు. సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్బును నడుమ పెట్టగానే చప్పుడు ఆగిపోయింది. తరువాత పెద్ద డిస్కు కొన్నాను. దానికి 12 వోల్టుల అడాప్టరు విడిగా వస్తుంది కనుక ఆ చిక్కే లేదు. రౌటరు సెట్టింగులలో 192.168.1.50 అన్న నెట్‌వర్కు చిరునామాను నా పాత కంప్యూటరుకు స్థిరంగా కేటాయించాను. ఇప్పుడు డిస్కు దాని ద్వారానే రౌటరుకు తగిలి ఉన్నది, రౌటరును తిరిగి వెలిగించినా చిరునామా మారదు.

మెట్టపొలం:
నల్లరేగడి గారి రెండవ పాదం చాలా బాగుంది. పంట చేను నుంచి బడి దాకా నడిచినట్టే ఉన్నది. అయితే “గుడియు” అన్నది గణం నింపడానికి వచ్చినట్టు నాకు తోచింది, ఎందుకంటే తేరు మొదటి పాదంలోనే వచ్చేసింది, గుడి లేనిదే తేరు లేదు. “రాత్రింబవలు నుండ” అన్న మాటపైన కూడా ఒక సందేహం ఉన్నది. చాలా డిస్కులు కొంతసేపు పని లేకపోతే తిరగడం మానుతాయి, మళ్ళీ అడిగినప్పుడు లేవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటాయి. తగిలి ఉండటం వేరు, మేలుకొని ఉండటం వేరు. మీరు తగిలి ఉండటమే చెప్పారు కనుక తప్పు పట్టను.

ఇది నా పూరణ.

వేయి మోయు తీగ, వేయింటి రౌటరు,
లేడి వోలె డిస్కు లేచి యురుకు,
పాత పెట్టె నడుమఁ బట్టి యాపఁగఁ జూడ
నొక్క పెట్టెలోన నూరు నిలిచె!

ఇక్కడ నూరు అంటే ఊరు కాదు, సంఖ్య. నా రౌటరు, నా తీగ సెకనుకు 1000 మెగాబిట్లు మోయగలవి. అయినా ఒక టెరాబైటు ఫోటోలు ఎక్కించబోతే కంప్యూటరు ఇరవై రెండు గంటలకు పైగా పడుతుందని చూపింది. రెండు గంటలకు కొంచెం పైన ముగియవలసిన పని అది. వెదకగా వెదకగా తేలినది ఏమిటంటే, హాలులో టీవీ వెనుక, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఒక పాత నెట్‌వర్కు స్విచ్చి (ఒక తీగను పలు పరికరాలకు పంచే పెట్టె) ఉన్నది, దాని పోర్టులు 100 మెగాబిట్లవి. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక నూరు మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. దారిలో మిగిలినవన్నీ వేయి అయినా ఆ ఒక్క పెట్టె దగ్గర వేగం నూరుకు నిలిచింది. తీగలో ఎనిమిది పోగులుంటాయి. నూరుకు నాలుగు చాలు, వేయికి ఎనిమిదీ కావాలి. ఒక్క పోగు తెగినా చప్పుడు లేకుండా నూరుకు దిగిపోవచ్చు కనుక, స్విచ్చి మార్చేముందు తీగను కూడా చూసుకోవాలి.

నల్లరేగడి:
ఆలోచన కొత్తది. సంఖ్యను పట్టడం నాకు తట్టలేదు, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అయితే పద్యం నిలవదు. పాదంలో “ఒక్క”కు యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ ఉండవలసిన పొత్తు) కుదిరింది “ఊరు” తోనే. “లోనన్ + ఊరు” అని విడదీస్తే ఒకారానికీ ఊకారానికీ మైత్రి ఉన్నది. నూరును సంఖ్యగా చేస్తే అక్కడ నకారం సొంత హల్లు అవుతుంది, అచ్చుకు యతి చెల్లదు. ఒక్క అక్షరం మీద యతి ఇటు ఉండి అర్థం అటు పోయింది.

మెట్టపొలం గారు అర్థం కోసం వాస్తవాన్ని వదలడం ఇది మొదటిసారి కాదు. గత నెల పెన్‌డ్రైవు సమస్యలో “ఐదు జీబి చిత్ర మందె యిమిడె” అని రాసినప్పుడు అందరూ మెచ్చుకున్నారు, ఆ డ్రైవు ఫ్యాట్32 (డిస్కులో ఫైళ్ళను అమర్చే ఒక పాత పద్ధతి) అని ఆయనే మూడవ పాదంలో చెప్పారు. ఫ్యాట్32లో ఏ ఒక్క ఫైలూ నాలుగు జీబీలకు చేరకూడదు. అయిదు జీబీల చిత్రం అందులో ఇమడదు. ఆ రోజు పండుగ కావడం చేత నేను ఊరుకున్నాను.

మెట్టపొలం:
ముందు యతి సంగతి. నా మూడవ పాదం “చూడన్” అని ద్రుతంతో, అంటే చివరి నకారంతో, ముగిసింది కనుక నాలుగవ పాదం “నొక్క” అని మొదలవుతుంది. నొకారానికీ నూకారానికీ హల్లు నకారమే, అచ్చులకూ మైత్రి ఉన్నది. ఇక్కడ ఏమి లోపించింది?

గత నెల పద్యం విషయంలో నల్లరేగడి గారిదే న్యాయం. నిజానికి నా డ్రైవు ఎక్స్‌ఫ్యాట్, పెద్ద ఫైళ్ళనూ పట్టే కొత్త పద్ధతి. ఆ మాట గణంలో పట్టక ఫ్యాట్32 అని రాశాను, రాయకూడదు. అయితే ఆ ఎక్స్‌ఫ్యాట్ నాకు వేరే పాఠం నేర్పింది. అదే డ్రైవును రౌటరుకు తగిలిస్తే రౌటరు దానిని గుర్తించనే లేదు. చాలా రౌటర్ల లోపల నడిచేది లినక్సు అన్న ఆపరేటింగ్ సిస్టమ్. దాని మూలభాగమైన కెర్నెలులోకి ఎక్స్‌ఫ్యాట్ 2019లో 5.4 కూర్పుతో వచ్చింది, అంతకుముందువి నడిపే పెట్టెలకు అది తెలియకపోవచ్చు. డిస్కు కొనకముందే, రౌటరు ఏ ఫైలు వ్యవస్థలను చదువుతుందో దాని పుస్తకంలో చూసుకోవాలి, ఎందుకంటే డిస్కు నిండిన తరువాత ఫార్మాటు మార్చాలంటే మొత్తం ఖాళీ చేయవలసి వస్తుంది.

నల్లరేగడి:
ద్రుతం మీద అచ్చు వచ్చి చేరినప్పుడు యతి ఆ అచ్చుకే చెల్లుతుంది, ద్రుతపు నకారానికి కాదు. “నొక్క”లో యతిస్థానం ఒకారమే. మీకు తెలియని సంగతి కాదు.

ఉప్పుటేరు:
పెద్దలిద్దరూ యతి తేల్చుకునేలోపు నా పూరణ కూడా చూడండి.

సాంబ తలుపు తీయ సర్వజనులు వచ్చి,
విండొసైన ఫోను విడువకుండ,
నరలరలుగఁ బంచి యనుమతు లీయఁగ
నొక్క పెట్టెలోన నూరు నిలిచె!

సాంబ అన్నది సాంబశివుడి పేరు అని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. విండోస్ కంప్యూటరు, మ్యాకు, ఫోను, ఏదైనా ఒకే డిస్కును చూడగలిగేలా చేసే ప్రోగ్రాము అది. 1990ల ఆరంభంలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దానిని మొదలుపెట్టారు. నెట్‌వర్కులో ఫైళ్ళు పంచుకునే ఎస్‌ఎంబీ అన్న పద్ధతి పేరులోని ఆ మూడు అక్షరాలూ అదే వరుసలో వచ్చే మాట కోసం ఆయన కంప్యూటరులోని పదపట్టికను వెదికితే సాంబ దొరికింది. మనం ప్రాసకు మాట వెదికినట్టే అనిపించి నాకు ఎంతో సంతోషం కలిగింది.

మూడవ పాదం మా ఇంటి అనుభవం. మొదట డిస్కు మొత్తాన్ని ఎవరికైనా తెరిచి పెట్టాను. ఒక రోజు మా చిన్నవాడు ఆటల ఫోల్డరు అనుకొని మా నాన్నగారి ఫోటోల ఫోల్డరును తీసివేశాడు. నెట్‌వర్కు డిస్కులో తీసివేసినది కంప్యూటరులోని రీసైకిల్ బిన్‌లోకి రాదు. అందుకే ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక అర ఇచ్చాను, అందరి ఫోటోల అర చూడటానికి మాత్రమే, మార్చే అనుమతి నాకూ మా అక్కకూ.

కొత్త లాప్‌టాపులో డిస్కు కనిపించకపోతే రౌటరు ఎస్‌ఎంబీ మొదటి కూర్పు మీద నడుస్తున్నదేమో చూడండి. 2017 మేలో వ్యాపించిన వన్నాక్రై, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరసు, ఆ పాత కూర్పులోని లోపం గుండానే ప్రవేశించింది. ఆ ఏడాది చివరలో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి కొత్తగా అమర్చే కంప్యూటర్లలో అది ముందుగా ఉండదు. చాలామంది దానిని వెదికి తిరిగి పెట్టుకుంటారు. అలా చేయవద్దని వేడుకుంటున్నాను. రౌటరు సాఫ్ట్‌వేరును కొత్త కూర్పుకు మార్చడం, కుదరకపోతే పెట్టెనే మార్చడం మంచిది.

మెట్టపొలం:
మూడవ పాదానికి నమస్కారం. నాకు రాని సున్నితం అది. రెండవ పాదంలో మాత్రం “విండోసు” దీర్ఘం పోయి “విండొసు” అయింది. డోకారంతో గణం సరిపోదని తెలిసి కుదించారు. అన్యదేశ్యమైనా పలికే తీరు పలికేదే.

నల్లరేగడి:
ఈ ఒక్క విషయంలో మెట్టపొలం గారితో ఏకీభవిస్తున్నాను.

తాటితోపు:
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పూరణ, తప్పులుంటే మాస్టార్లు దిద్దవలసింది.

దీప మారె, డిస్కు తిరుగుట మానెను,
పాట నిలిచె, బొమ్మ పలుకదాయె,
నింట నెల్లవారు నెదురు చూడఁగ నిట్టు
లొక్క పెట్టెలోన నూరు నిలిచె!

మాది పల్లె. వేసవిలో కరెంటు చెప్పకుండా పోతుంది. డిస్కులోకి ఫైలు రాస్తుండగా కరెంటు పోయి, మళ్ళీ వచ్చాక ఒక ఫోల్డరు తెరుచుకోలేదు. డిస్కును కంప్యూటరుకు నేరుగా తగిలించి దోషాలు సరిచేయిస్తే చాలా భాగం తిరిగి వచ్చింది, పదకొండు ఫోటోలు రాలేదు. అవి మా తాతయ్యవి. ఇప్పుడు రౌటరుకూ డిస్కు అడాప్టరుకూ కలిపి ఒక యూపీఎస్ పెట్టాము. రౌటరుకు మాత్రమే పెట్టే చిన్న యూపీఎస్ సరిపోదని ముందు తెలియలేదు. రౌటరు వెలిగే ఉండేది, డిస్కు ఆరిపోయేది.

నేను డిస్కును రౌటరు పక్కనే పెట్టినప్పటి నుంచి వంటింట్లో వైఫై తగ్గింది. దానికి కారణం చెప్పగలరా?

నిర్వాహకురాలు:
తాటితోపు గారికి స్వాగతం. వైఫై సంగతి మొదట చెబుతాను. యూఎస్‌బీ 3.0 తీగ, డిస్కు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయి, వైఫై నడిచే ప్రాంతాలలో అది ఒకటి. డిస్కును రౌటరు యాంటెన్నాలకు దూరంగా, మంచి కవచమున్న తీగతో పెట్టండి. మీ రౌటరులో యూఎస్‌బీ వేగాన్ని 2.0కు తగ్గించే సెట్టింగు ఉంటే అదీ ప్రయత్నించండి. 5 గిగాహెర్ట్జ్ అందేంత దగ్గరలో ఉన్న పరికరాలను దానికి మార్చండి.

ఇక మీ పద్యం. నేను పాదం ఇచ్చినప్పుడు “నిలిచె” అంటే ఉన్నది అనే అనుకున్నాను. ఆగిపోయింది అన్న అర్థం నాకు తోచలేదు, మీరు దానిని దుఃఖంతో కట్టారు. “బొమ్మ పలుకదాయె” అన్నచోట చదువుతూ ఆగిపోయాను.

ఆ అర్థంతోనే మెట్టపొలం గారి పద్యాన్ని మళ్ళీ చదవండి. వేయి మోయు తీగ, లేడి వలె ఉరికే డిస్కు, నడుమ పాత పెట్టె. అక్కడ “ఊరు” ఆగిపోయింది, అంటే పోవలసిన ఊరంతా, ఫోటోలన్నీ, ఆ ఒక్క పెట్టెలో నిలిచిపోయాయి. యతి ఊకారం మీద చక్కగా ఉన్నది. నూరు అన్న సంఖ్య ఆ వెనుక రెండవ అర్థంగా మెరుస్తుంది. ఒక్క అక్షరం మార్చకుండా పద్యం నిలిచింది.

మెట్టపొలం:
రాసిన నాకే కనిపించలేదు. తాటితోపు గారికి ఋణపడ్డాను. నల్లరేగడి గారి ఆక్షేపణ లేకపోతే ఈ చర్చ ఇంత దూరం వచ్చేది కాదు, అదీ ఒప్పుకుంటున్నాను.

నల్లరేగడి:
శ్లేషగా అయితే నాకు అభ్యంతరం లేదు. సంఖ్యను ప్రధానార్థం చేయడం మీదే నా ఆక్షేపణ. గుడి సంగతి మాత్రం మీరు మళ్ళీ ఆలోచించండి, మా ఊరిలో తేరు నిలిపే చోటు గుడికి అరమైలు దూరం.

తాటితోపు గారూ, ఆ పదకొండు ఫోటోల గురించి చదివాక నేను నిన్న రెండవ డిస్కు తెచ్చాను. పంచుకునే డిస్కు ప్రతి కాపీకి మూలమే కాని తానే కాపీ కాదు అన్న సంగతి తెలిసి కూడా ఇన్నాళ్ళు వాయిదా వేశాను. రాత్రి రెండు గంటలకు మొదటి దాని నుంచి రెండవ దానికి కొత్త ఫైళ్ళు చేరేలా అదే పాత కంప్యూటరులో పెట్టాను, నెలకొకసారి మూడవ ప్రతిని మా తమ్ముడి ఇంటికి గుంటూరు పంపుతాను. మీ తాతయ్యగారి ఫోటోలు మీ బంధువుల ఫోన్లలో, పాత వాట్సాప్ సందేశాలలో ఎక్కడైనా ఉన్నాయేమో అడిగి చూడండి. మా నాన్నగారి ఉత్తరాలలో రెండు నాకు అలాగే దొరికాయి.

తాటితోపు:
మా మేనత్త ఫోనులో నాలుగు దొరికాయి, మాస్టారూ. మిగిలిన ఏడింటి కోసం మా పెద్దనాన్నను అడిగాను.